కిటికీకి ఊపిరాడనివ్వండి

ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి తూర్పు వైపు నిలబడి తలెత్తి చూస్తే కనిపించే గాజు ఆరువందల ఏళ్ల నాటిది కాదు. 1405లో పని మొదలుపెట్టి 1408కల్లా గాజు చిత్రకారుడు జాన్ థార్న్‌టన్ పూర్తిచేసిన రంగుల గాజు దాని వెనక, కొన్ని సెంటీమీటర్ల లోపలికి జరిగి, ఫ్రేముల్లో నిలబడి ఉంది. వాన ఇప్పుడు కొత్త గాజు మీదే పడుతుంది. గాలి దుమారం దాన్నే కొడుతుంది. అసలు కిటికీ ఇక వాతావరణంతో కుస్తీ పట్టే ఉద్యోగం నుంచి రిటైరైపోయినట్టే.

ఈ సంగతి మొదటిసారి విన్నవాళ్లకు మింగుడుపడదు. లీడ్స్‌లో ఉండే మా తెలుగు మిత్రుల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఒకాయన ఠక్కున అడిగాడు: "అంటే ఇంతసేపూ డూప్లికేట్‌కి ఫొటోలు తీశామా?" లోపలికి వెళ్లాక ఆ మాట మరిచిపోయాడనుకోండి. లోపలి నుంచి కనిపించేది థార్న్‌టన్ గాజే.

ఇలా బయట ఇంకో గాజు పెట్టడం సబబేనని నేను గట్టిగా నమ్ముతాను. పాత రంగుటద్దాల కిటికీలను ఎండావానల నుంచి కాపాడటానికి ఇంతకన్నా మంచి దారి ఇప్పటికైతే లేదు. కాకపోతే కాపలా పని ఎక్కువగా చేసేది రెండు గాజుల మధ్య కదిలే గాలి. దాని సంగతి వదిలేసి బయటి పలకను మాత్రం కాపీ కొడితే, అసలేమీ చేయకుండా ఊరుకున్నదానికన్నా ఎక్కువ చెడుతుంది. మన దగ్గర జరుగుతున్నది ఈ రెండోదేనేమోనని నా భయం.

ముందు యార్క్ సంగతి పూర్తిచేస్తాను. ఆ తూర్పు కిటికీ ఎత్తు 23 మీటర్ల పైన, వెడల్పు 10 మీటర్లకు కాస్త తక్కువ. టెన్నిస్ కోర్టంత ఉంటుందని గైడ్లు చెబుతారు, అందులో పెద్ద అతిశయోక్తి లేదు. థార్న్‌టన్‌కి వారానికి 4 షిల్లింగులు, ఏడాదికి 5 పౌండ్లు, చెప్పిన గడువులో ముగిస్తే ఇంకో 10 పౌండ్లు. మూడేళ్లకు అన్నీ కలిపితే 56 పౌండ్లు. 2008లో ఆ కిటికీని ఊడదీసి, 311 ప్యానెళ్లను యార్క్ గ్లేజియర్స్ ట్రస్ట్ వర్క్‌షాప్‌లో ఒక్కొక్కటిగా బాగుచేసి, 2018లో మళ్లీ పైకెక్కించడం పూర్తిచేశారు. చేయడానికి మూడేళ్లు, బాగుచేయడానికి పదేళ్లు! బయట పెట్టిన కొత్త గాజు యూవీ కిరణాల్ని కూడా ఆపుతుంది. ఆరువందల ఏళ్లుగా ఎండలో ఉన్న గాజుకు ఇప్పుడు యూవీ భయమేమిటంటే, భయం గాజుకు కాదు. పగిలిన ముక్కల్ని అతకడానికి వాడిన రెసిన్ జిగురు యూవీ తగిలితే పాడవుతుంది, దాని కోసం.

ఇంతకీ గాజుకు వానంటే ఎందుకంత భయం? మన ఇంటి కిటికీ అద్దం ముప్పై ఏళ్లు వానలో తడిసినా ఏమీ కాదు కదా. తేడా అంతా తయారీలోనే ఉంది. మధ్యయుగంలో ఉత్తర ఐరోపాలో ఇసుకకు చెట్ల బూడిద, ముఖ్యంగా బీచ్ చెట్ల బూడిద కలిపి గాజు కరిగించేవారు. బూడిదలో పొటాష్, సున్నం దండిగా ఉంటాయి. ఇప్పటి కిటికీ గాజులో సిలికా 70 శాతం పైన ఉంటే, ఆనాటి గాజులో చాలాసార్లు 50 శాతం దగ్గరే ఆగిపోయేది. అలాంటి గాజు మీద తడి నిలిస్తే లోపలి పొటాషియం మెల్లగా బయటికి వస్తుంది, దాని చోట్లోకి నీటిలోని హైడ్రోజన్ చేరుతుంది. బయటికొచ్చిన పొటాషియం ఆ నీటి బొట్టును క్షారంగా మారుస్తుంది. ఆ క్షారం తిరిగి గాజునే తింటుంది. బొట్టు ఎంతసేపు కదలకుండా కూర్చుంటే అంత నష్టం. పారే వానకన్నా నిలిచిన చెమ్మ ప్రమాదకరం అనేది ఇందుకే.

దీనికి బొగ్గుపొగ తోడైంది. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, గాజులోంచి వచ్చిన కాల్షియంతో కలిసి జిప్సం అవుతుంది. గాజు మీద తెల్లటి పెచ్చు కడుతుంది, దాని కింద సూదిమొన గుంటలు మొదలై, పోనుపోను కలిసిపోయి, వెలుతురు దూరకుండా చేస్తాయి. ఇందులో ఒక తమాషా ఉంది. యార్క్‌లోనూ, ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చిలోనూ 12వ శతాబ్దపు నీలం గాజు ముక్కలు కొన్ని ఇప్పటికీ నిగనిగలాడుతుంటాయి. పక్కనే అదే వానలో తడిసిన ఆకుపచ్చ ముక్క గుల్లబారి ఉంటుంది. ఆ నీలం గాజును బూడిద పొటాష్‌తో కాకుండా సోడాతో చేశారు. ఎనిమిదొందల ఏళ్ల తర్వాత కిటికీని చూస్తే ఏ ముక్క ఏ వంటకమో కంటికే తెలిసిపోతుంది.

(ఈ మాట వచ్చింది కాబట్టి: గాజు నిజానికి ద్రవమనీ, పాత చర్చిల్లో అది కిందికి జారి అడుగున మందమైందనీ వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. అబద్ధం. ఆ రోజుల్లో గాజు పలక ఒకే మందంలో వచ్చేది కాదు, అంతే.)

ఇదంతా బయటి సంగతి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది లోపలిది. ముఖంలోని కళ్లూ ముక్కూ, బట్టల మడతలూ, అక్షరాలూ, ఇవన్నీ గాజు రంగులో పుట్టినవి కావు. ఇనుము లేదా రాగి ఆక్సైడ్‌కి గాజుపొడి కలిపి, కుంచెతో గీసి, కొలిమిలో కాల్చిన గీతలు. ఎక్కువ భాగం గాజు లోపలి వైపే ఉంటాయి. చలికాలపు రాత్రి గాజు చల్లబడుతుంది. లోపల జనం ఊపిరి, కొవ్వొత్తుల వేడి. తెల్లారేసరికి గాజు లోపలి ముఖం చెమటపడుతుంది, ఆ నీళ్లు ఆ గీతల మీదుగానే కిందికి కారతాయి. అంటే భక్తుల ఊపిరే దేవదూతల ముఖాలు చెరిపేస్తోందన్నమాట. బయటి వానను ఆపితే సరిపోదని కిటికీలు బాగుచేసేవాళ్లకు తట్టింది ఇక్కడే.

బయట ఇంకో గాజు పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మనకు తెలిసినంతలో అన్నిటికన్నా ముందు 1861లో యార్క్ మిన్‌స్టర్‌లోనే ఈ పని చేశారు. 1897లో జర్మనీలోని లిండెనా అనే చిన్న ఊరి చర్చిలో ఒక అడుగు ముందుకేశారు. పాత గాజును లోపలికి జరిపి, మధ్య ఖాళీలోకి చర్చి లోపలి గాలి ఆడేలా వదిలారు. దీని కిటుకు చాలా సులువు. పాత గాజుకు ఇప్పుడు రెండు వైపులా ఒకే గాలి, ఇంచుమించు ఒకే వేడి. అందుకని దాని మీద చెమ్మ పట్టదు. పట్టాల్సిన చెమ్మ చల్లగా ఉన్న బయటి కొత్త గాజు మీద పడుతుంది, అడుగున ఉన్న సీసం తొట్టెలోకి కారి, సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ప్యానెళ్లకు పైనా కిందా వదిలిన సందుల్లోంచి గాలి దానంతటదే పైకి లేస్తుంది. ఫ్యాన్లు లేవు, కరెంటు లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముందు ఐరోపాలో చాలా చర్చిల కిటికీలను ఊడదీసి దాచిపెట్టారు. అవి తిరిగి గోడలెక్కే రోజుల్లో, ఆ తర్వాత పొగ కాలుష్యం ముదిరిన దశాబ్దాల్లో, ఈ పద్ధతి జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో బాగా పాకింది. రంగుటద్దాల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ కార్పస్ విట్రియారుమ్ 2004లో సవరించిన మార్గదర్శకాల్లో దీనికి పెద్ద పీట వేసింది.

అభ్యంతరాలు లేవా? ఉన్నాయి, అందులో కొన్ని నాకూ బలమైనవిగానే అనిపిస్తాయి. మొదటిది చూపు. పాత కిటికీని బయటి నుంచి చూసినా ఒక అందముంటుంది. గాజు ముక్కల్ని పట్టి ఉంచే సీసం పట్టీల గీతలు, ఒక్కో ముక్క ఒక్కో వాలులో వెలుతురును విరిచే తీరు. దాని ముందు నున్నటి ప్లేట్ గ్లాస్ పెడితే హైటెక్ సిటీలో ఆఫీసు బిల్డింగ్‌లా మెరుస్తుంది. ప్యారిస్‌లోని సెంట్ షపెల్ చర్చిలో 2008 నుంచి 2015 దాకా జరిగిన పనిలో దీనికొక ఉపాయం చేశారు. బయటి గాజును వేడిచేసి పాత గాజు ఎత్తుపల్లాల మీద వంచి, దాని రూపురేఖలు వచ్చేలా చేశారు. ఖర్చు మామూలుగా కాలేదు. 1,113 దృశ్యాలున్న ఆ పదిహేను కిటికీల్లో మిగిలిపోయిన వాటికోసం సుమారు కోటి యూరోలు పోశారు, సగం ఒక ఫౌండేషన్ ఇచ్చింది.

రెండో అభ్యంతరం కాస్త వేదాంతం లాంటిది. వానను ఆపని కిటికీ ఇంకా కిటికీయేనా, లేక గోడకు తగిలించిన పటమా? ఈ ప్రశ్న నన్ను పెద్దగా బాధించదు. రంగుటద్దాలకు కావాల్సింది పొద్దు. ఉదయం ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా, మబ్బు పట్టినప్పుడు మరో రకంగా మారే వెలుతురు. వాటిని మ్యూజియానికి తరలించి ట్యూబులైటు ముందు పెడితే గాజు బతుకుతుంది, కిటికీ చస్తుంది. ఉన్నచోటే ఉంచి, నాలుగు అంగుళాలు లోపలికి జరిపితే రెండూ బతుకుతాయి. ఆ మాత్రం రాజీకి నేను సిద్ధం.

ఇంకొందరు, ఇంత హడావుడి దేనికి, గాజు మీద ఏదైనా పారదర్శకమైన పూత పూస్తే పోదా అంటారు. ఆ ముచ్చటా తీరింది. 1970లలో షార్త్ర్ పడమటి ముఖంలోని 12వ శతాబ్దపు కిటికీలను శుభ్రంచేసి వయాక్రిల్ అనే రెసిన్ పూశారు. రంగుల్లో జీవం పోయిందని చిత్రకారుడు జాఁ బజేన్‌తో సహా చాలామంది గొడవపెట్టారు. వాళ్ల కళ్లది తప్పో ఒప్పో పక్కన పెట్టండి. నా అభ్యంతరం వేరే. పూతను తిరిగి తీయాలంటే గాజును ముట్టుకోవాలి. బయటి గాజును తీయాలంటే స్క్రూలు విప్పితే చాలు. రేపు ఇంతకన్నా మంచి ఉపాయం దొరికితే దీన్ని పీకి అవతల పారేయవచ్చు. పాత వస్తువుల మీద చేసే ఏ పనికైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: వెనక్కి తీసుకోగలమా?

ఇప్పుడు మన దగ్గరికొస్తాను.

మా వైపు ఒక జిల్లా కేంద్రంలో పాత చర్చి ఉంది. ఊరి పేరు, చర్చి పేరు చెప్పను, చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. బలిపీఠం వెనక మూడు నిలువు భాగాల రంగుటద్దాల కిటికీ. కొన్నేళ్ల కింద దానికి బయట పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేయించారు. సంఘ పెద్ద ఒకాయన ఎంతో సంబరంగా చూపించాడు. "ఎండకు గదే, వానకు గదే, కోతులకు గదే బిడ్డా. ఒక్క షీటుతోని మూడు పనులైనయ్." చుట్టూ ఎక్కడా సందు లేకుండా సిలికాన్ కొట్టించారు. "చీమ గూడ దూరదు," అన్నాడు. నిజమే, దూరలేదు. కాకపోతే కందిరీగలు ఎట్లనో దూరి, మధ్యలో మట్టిగూళ్లు కట్టి, అక్కడే ఎండి చచ్చి ఉన్నాయి.

దగ్గరికెళ్లి చూశాను. షీటు పసుపుపచ్చగా మారింది, కాబట్టి లోపల నీలం కాస్తా ఆకుపచ్చగా కనిపిస్తోంది. రాత్రి వాన పడింది, షీటు లోపలి వైపు నీటి బొట్లు వరసలుగా ఉన్నాయి. అవి పోయే దారి లేదు. అడుగున, సీసం పట్టీ గూటిలో, పచ్చటి పాచి. కింది వరసలో ఒక ప్యానెల్ పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చింది. పక్క నుంచి చూస్తే బొటనవేలి మందం ఉంటుంది. రెండు పట్టీలు కలిసేచోట సోల్డర్ మీద వెంట్రుకంత గీత, అందులోంచి సన్నగా పగటి వెలుతురు. "షీటు వేయకముందు ఇట్లనే ఉండెనా అంకుల్?" అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "అప్పుడు ఎవరు చూసిన్రు బిడ్డా," అన్నాడు. ఆ జవాబులో దాపరికం ఏమీ లేదు. ఎవరూ చూడలేదు, ఫొటో తీయలేదు. కాబట్టి షీటే దాన్ని పాడుచేసిందని నేనూ ఖాయంగా చెప్పలేను. కానీ సీల్ చేసిన సందులో ఏం జరుగుతుందో మాత్రం లెక్క వేసి చెప్పొచ్చు.

సీసం వేడికి గాజుకన్నా మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవు పట్టీ 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవు గాజు అర మిల్లీమీటరు కూడా పెరగదు. మే నెలలో బయటే 43 డిగ్రీలు. నల్లబడిన సీసం మీద నేరుగా ఎండ, ముందు గాలి కదలని సందు, చుట్టూ సిలికాన్. పట్టీ సాగడానికి చోటు లేక పక్కకు వంగుతుంది. రాత్రి చల్లబడినప్పుడు ఇనుములాగా తిరిగి పాత రూపానికి రాదు. సీసం 327 డిగ్రీలకే కరిగే లోహం, మామూలు గది వేడిలోనే మెత్తగా జారిపోయే గుణం దానిది. ఇవాళ కాస్త వంగుతుంది, రేపు ఇంకాస్త. పట్టీకి గాజుకు మధ్య ఉన్న పుట్టీ, అవిసె నూనెలో సుద్దపొడి కలిపి చేసినది, ఎండి పిండిలా రాలుతుంది. ఆపై ప్యానెల్‌ను పట్టి ఉంచేది గాజు మొండితనం ఒక్కటే.

ఈ తప్పు మనం కనిపెట్టింది కాదు. 1970ల చమురు సంక్షోభంలో అమెరికాలో బోలెడన్ని చర్చిలు హీటింగ్ బిల్లు తగ్గుతుందని ఇలాగే బయట షీట్లు బిగించాయి. గాలి ఆడక చెమ్మ పట్టడం, వేడి నిలిచి సీసం ఉబ్బడం, చెక్క ఫ్రేములు కుళ్లడం అక్కడ అందరూ చూసినవే. మనకు వాళ్ల పొరపాటు అప్పనంగా దొరికింది. దాన్ని వాడుకోకుండా సొంతంగా మళ్లీ చేయడం దేనికి?

మెదక్ చర్చి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ షీటే గుర్తొస్తుంది. మెదక్ కిటికీలు పాడయ్యాయని నేను అనడం లేదు. వాటి విలువ తలుచుకుంటే టెన్షన్ పుడుతుంది, అంతే. మా అమ్మమ్మగారి ఊరు రామాయంపేట. మాది క్రైస్తవ కుటుంబం కాదు, అయినా సెలవుల్లో మెదక్ గుడి చూడకుండా వచ్చింది లేదు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో అంతే. కరువు రోజుల్లో రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన కట్టడమది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 175 అడుగుల గోపురం మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. లోపల మూడు పెద్ద కిటికీలు, ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపకల్పన. ఉత్తరాన బలిపీఠం వెనక ఆరోహణం 1927లో, తూర్పున క్రీస్తు జననం 1947లో, పడమట సిలువ 1958లో పెట్టారు. పొద్దు గుంకాక అవి కనిపించవు, పగలు వెళ్లాల్సిందే.

ఇక్కడ యార్క్ సూత్రాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతికిస్తే పప్పులో కాలేసినట్టే. 20వ శతాబ్దపు గాజుకు బూడిద గాజు జబ్బు ఉండదు. చలికి లోపల నీళ్లు కారే బాధ తక్కువ. మన దగ్గర జబ్బులు వేరు. ఎండకు సీసం, వానకు పుట్టీ, తుప్పుకు ఇనుప చువ్వలు. పడమటి కిటికీనే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమంతా ఎండ దాని మీదే. నాలుగింటికి ఒక్కసారిగా మబ్బు కమ్మి గాలివాన, ఒక్కోసారి వడగళ్లు. కాలికాలి ఉన్న గాజు మీద చల్లటి నీళ్లు. తర్వాత నైరుతి వానలు కొట్టేదీ అటు నుంచే. మూడింటిలో వయసులో చిన్నది ఆ కిటికీ, కష్టం మాత్రం దానికే ఎక్కువ. ఇక ఆరోహణం కిటికీ సంగతి. కిటికీ సీసం మామూలుగా వంద, నూటయాభై ఏళ్లు నిలుస్తుందని లెక్క. అది ఇంగ్లండ్ చలిలో వేసిన లెక్క. మెదక్ ఎండలో ఎంతో?

ఇంకో చిక్కు ఏసీలు. ఈ మధ్య మన చర్చిల్లో ఏసీ పెట్టించడం మామూలైంది, తప్పుపట్టను, ఆ ఎండల్లో మూడు గంటల ఆరాధన ఎవరికైనా కష్టమే. కానీ ఏసీ పెట్టగానే యార్క్ లెక్క తలకిందులవుతుంది. లోపల చల్లన, బయట ఉక్క. ఆగస్టులో చల్లబడిన పాత గాజుకు బయటి తేమగాలి తగిలితే చెమ్మ బయటి ముఖం మీద పడుతుంది. అలాంటిచోట రక్షణ గాజు పెట్టి, మధ్య సందుకు బయటి గాలి వదిలామో, తేమను పిలిచి పాత గాజు ఒళ్లో కూర్చోబెట్టినట్టే. అక్కడ లోపలి గాలే ఆడాలి. ఏసీ లేని చర్చిలోనైతే బయటి గాలి ఆడటమే మేలు, వేడి బయటికి పోతుంది. ఒకే జిల్లాలో పక్కపక్క చర్చిలకు రెండు వేర్వేరు జవాబులు! అందుకే షీటు అమ్మే కాంట్రాక్టర్ ఫోన్లో చెప్పే చదరపు అడుగు రేటు మీద నాకు నమ్మకం లేదు.

నన్నడిగితే డబ్బులు ఖర్చు పెట్టాల్సిన వరస కూడా అందరూ అనుకునేది కాదు. మొదటి రూపాయి కిటికీకి పోకూడదు. పైకప్పు నీళ్లు పోయే గొట్టానికి, కిటికీ పైన గోడ సందులో మొలిచిన రావి మొక్కకు, రాళ్ల మధ్య రాలిన సున్నానికి పోవాలి. కిటికీ మీదికి గోడ నుంచి దిగే నీళ్లు ఆగకుండా ఎన్ని గాజులు పెట్టినా దండగ. తర్వాత ఇనుప చువ్వలు. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, రాయిని చీల్చేస్తుంది. తర్వాత సోల్డర్ అతుకులు, పుట్టీ. కోతుల, రాళ్ల భయముంటే స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ, నల్ల రంగు పూత వేసి, గాజుకు దూరంగా. మామూలు ఇనుప జాలీ వేస్తే నాలుగు వానలకు తుప్పునీళ్లు గాజు మీద చారలు కడతాయి. ఇవన్నీ అయ్యాక, అప్పటికీ అవసరమని కొలతలు చెబితే, అప్పుడు బయటి గాజు.

ఇవి ఫొటోకి పనికొచ్చే పనులు కావు, ఫలకం మీద దాత పేరు చెక్కించే వీలుండదు. అందుకే ఎవరూ చందా ఇవ్వరు. కానీ 1984 జులై 9న యార్క్ మిన్‌స్టర్ దక్షిణ భాగం తగలబడినప్పుడు ఏం జరిగిందో చూడండి. మంటల వేడికి గులాబీ కిటికీ గాజు సుమారు 40,000 చోట్ల పగిలింది. కానీ కిటికీ కూలలేదు. అంతకు కొన్నేళ్ల ముందే దానికి కొత్త సీసం వేయించి ఉన్నారు, ముక్కల్ని ఆ పట్టీలే పట్టి ఉంచాయి. ఆ సీసం వేయించేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టి ఉండరు.

శుభ్రం చేయడం మీద కూడా ఒక మాట. క్రిస్మస్ ముందు చర్చికి రంగులు వేస్తారు. పెయింటర్లు కిటికీ అంచుకు టేపు అంటించి, పని ముగిశాక పీకుతారు. మీద పడ్డ చుక్కల్ని బ్లేడుతో గోకుతారు. ఆపై అద్దాలు తుడిచే నీలం స్ప్రే కొట్టి పాత చొక్కాతో రుద్దుతారు. గాజు మీద గీసిన గీతలన్నీ ఒకేలా కాలి ఉండవు. 1860, 70ల్లో ఇంగ్లండ్‌లో బొరాక్స్ కలిపిన పెయింటు వాడిన కిటికీల్లో ముఖాలే మాయమైపోయాయి, అక్కడ ఎవరూ రుద్దను కూడా లేదు, ఉత్త చెమ్మకే. మన బ్రిటిష్ కాలపు చర్చిల్లో ఆ తరం గాజూ ఉండొచ్చు. తెలియనప్పుడు దుమ్ము అలాగే ఉండనివ్వడం మంచిది. దుమ్ము తర్వాతైనా పోతుంది.

ఇదంతా చేయగలవాళ్లు మన దేశంలో లేరనుకుంటే పొరపాటు. ముంబయి విశ్వవిద్యాలయంలోని రాజాబాయి టవర్, 1878 నాటిది, దాని రంగుటద్దాలను 2013 తర్వాత ఇక్కడివాళ్లే విప్పి, బాగుచేసి, తిరిగి పెట్టారు. టీసీఎస్ డబ్బిచ్చింది. హైదరాబాద్‌లోనూ డబ్బున్న కంపెనీలకు కొదవ లేదు.

2027లో ఆరోహణం కిటికీకి నూరేళ్లు. ఆ సందర్భంగా ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయిస్తారు, చేయించకుండా ఉండరు. చేయించేవాళ్లకు ముందుగా ఒక విన్నపం. వేడి, తేమ రాసుకునే అగ్గిపెట్టెంత డేటా లాగర్లు ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే వస్తాయి. ఒక్కో కిటికీకి రెండు చాలు, ఒకటి గాజుకు లోపలి వైపు, ఒకటి బయటి వైపు నీడన. ఏడాది పాటు వదిలేయాలి, ఎందుకంటే మే నెల చెప్పేది ఆగస్టు చెప్పదు. పరంజా కట్టిన రోజే ప్రతి ప్యానెల్‌కీ రెండు వైపులా ఫొటో, పక్కన స్కేలు పెట్టి. ఉబ్బు ఉంటే ఎన్ని మిల్లీమీటర్లో రాసి, తారీఖు వేసి, ఒక కాపీ చర్చి ఆఫీసులో, ఇంకోటి హైదరాబాద్‌లో ఏదైనా ఆర్కిటెక్చర్ కాలేజీలో ఉంచాలి. ఆ తర్వాత కాంట్రాక్టర్‌ని పిలవండి.